పది నిమిషాల షఫీ

నంద్యాలలో మోటార్ల పని చేసేవాళ్ళను ఎవరినైనా షఫీ కొట్టు ఎక్కడని అడగండి. "ఏ షఫీ? పది నిమిషాల షఫీనా?" అని ఎదురు అడుగుతారు. అడిగి కొంచెం నవ్వుతారు కూడా. ఆ నవ్వు ఎందుకో నాకు ఆ పూట దాకా తెలియలేదు. నాకు ఓపిక తక్కువ. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో జనాన్ని కిటికీ ముందు నిలబెట్టి రిటైరైనవాడిని. నన్ను ఎవరైనా నిలబెడితే మాత్రం ఒళ్ళు మండుతుంది. అలాంటి నన్ను ఆ మనిషి ఒక పగలంతా కూర్చోబెట్టాడు. అందుకు ఆయనకు ఋణపడి ఉన్నానని చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది ఆళ్ళగడ్డ నుంచి కోవెలకుంట్ల పోయే దారిలో లోపలికి తిరిగితే వచ్చే ఊరు. కుందూ నుంచి నీళ్ళు తోడి మా మూడు ఊళ్ళ పొలాలకు పోసే ఎత్తిపోతల మోటారు ఒకటుంది. బావి దగ్గర పెట్టుకునే మోటారు లాంటిది కాదు. ఎద్దుల బండి అంత ఉంటుంది, మూడు వేల మూడు వందల వోల్టుల మీద తిరుగుతుంది. దాని కింద ఆరు వందల ఎకరాల వరి. అందులో మూడెకరాలు నావి. దీనికి జతగా ఇంకో మోటారు ఉండాలి. ఉంది కూడా, కాగితాల మీద. రిపేరుకని లారీ ఎక్కిన ఆ మోటారు రెండేళ్ళయినా దిగలేదు.

ఈ ఏడు సెప్టెంబరంతా వానలు బాగా పడ్డాయి. నలభై రోజులు మోటారుతో పని పడలేదు. మధ్యలో దసరా వస్తే అందరం పోయి ఆయుధపూజ చేసి, దండ వేసి, దండం పెట్టుకుని వచ్చాం. పండగ దాటాక వాన ముఖం చాటేసింది. అప్పటికి వరి పొట్ట మీద ఉంది. పండించేవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్తాను. పొట్ట మీద ఉన్న వరికి వారం రోజులు నీళ్ళు అందకపోతే వెన్ను బయటికి వస్తుంది గానీ అందులో గింజ ఉండదు. ఉన్నదంతా తాలే.

ఇన్నాళ్ళు ఆగిన పెద్ద మోటారును మళ్ళీ తిప్పే ముందు పరీక్ష చేయాలి. మోటారు లోపల రాగి తీగలకు అభ్రకం పట్టీ చుట్టి వార్నిష్ పట్టిస్తారు. ఆ చుట్టు ఎక్కడైనా చిరిగినా, చెమ్మ పట్టినా, కరెంటు తీగలో ఉండక మోటారు ఒంట్లోకి దిగుతుంది. దిగితే మోటారు కాలిపోతుంది. చుట్టు గట్టిగా ఉందో లేదో మెగ్గర్ అనే మీటరు చెప్తుంది. నంబరు ఎంత పెద్దదైతే చుట్టు అంత గట్టిది. మోటారు బాగోగులు చూసే కాంట్రాక్టరు పంపగా జయప్రకాష్ అనే ఇంజనీరు వచ్చి ఆ పరీక్ష చేశాడు. గోదావరి జిల్లా అబ్బాయి, మర్యాదస్తుడు. కనీసం వంద రావలసిన చోట రెండు వచ్చిందన్నాడు.

"వైండింగు పోయిందండీ. హైదరాబాదు పంపించి తీగంతా కొత్తగా చుట్టించాలి. తక్కువలో తక్కువ నెల రోజులు పడుతుంది" అన్నాడు.

మా ఎత్తిపోతల కమిటీకి కృష్ణమ్మ ప్రెసిడెంటు. డెబ్బై దాటాయి, నాలుగెకరాల రైతు, గొంతు మాత్రం ఆరు వందల ఎకరాలకు వినిపిస్తుంది.

"నెల దినాలా? నెల దినాలకు నా వరి గడ్డివామి అయితాది నాయనా! ఒక్కసారి తిప్పి చూడు, ఏమైతాది?"

"తిప్పితే పేలుతుందండీ. అప్పుడు చుట్టించడానికి కూడా ఏమీ మిగలదు."

ఆమె ఇంకేమీ అనలేదు. కృష్ణమ్మ మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. నాకు భయం వేసింది.

అప్పుడు పంపుహౌసు ఆపరేటరు ఎజ్రా నోరు విప్పాడు. పదకొండేళ్ళుగా ఆ మోటారు పక్కనే ఉన్న మనిషి. పొద్దున బైబిలు చదువుకుని, దాని తర్వాతే స్విచ్చి వేసి, మోటారు బేరింగుకు చెవి పెట్టి వింటాడు. "నంద్యాలలో షఫీ అని ఒకాయప్ప ఉండాడు. ఆయప్ప కూడా పోయిందంటే పోయినట్లే. ఒక్కసారి చూపిచ్చుకుందాం" అన్నాడు. కారున్నవాడిని నేనే కాబట్టి తెల్లారి నన్నే పంపారు.

షఫీకి నలభై ఆరేళ్ళు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్సిలు. కారు ఎక్కేటప్పుడు ఆయన భార్య అమీనా ఒక చేతికి టిఫిను డబ్బా, ఇంకో చేతికి మడత పెట్టిన స్టూలు ఇచ్చింది. మా ఊళ్ళో కుర్చీలున్నాయమ్మా అన్నాను. "ఉంటాయి సార్. ఈయప్పకు ఇదైతేనే కుదురుతాది" అంది. దారిలో మోటారు సంగతి వివరంగా చెప్పబోయాను. "వద్దు సార్. చెప్తే అదే మనసులో పడుతాది. నేను చూసుకుంటా" అన్నాడు. నాకు చిరాకేసింది, కానీ అవసరం మాది.

తొమ్మిదింటికల్లా పంపుహౌసు చేరాం. జయప్రకాష్ అక్కడే ఉన్నాడు. షఫీ ముందు కరెంటు ఆపించి, స్విచ్చికి తాళం వేయించి తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. మోటారు పక్కనున్న టర్మినల్ పెట్టె మూత తీశాడు. ఆ పెట్టెలో మూడు పింగాణీ గుబ్బలుంటాయి, వాటి మీదుగానే కరెంటు లోపలికి పోతుంది. బయటి నుంచి వచ్చే కేబులు విప్పి పక్కన పెట్టాడు. మీటరు తగిలించి, స్టూలు విప్పి, పెట్టెకు ఎదురుగా కూర్చుని, బటన్ నొక్కాడు.

నిమిషం అయింది. మీటరు మీద రెండు.

"చెప్పాను కదండీ" అన్నాడు జయప్రకాష్. పాపం, గెలిచినట్టు అనలేదు, బాధగానే అన్నాడు.

షఫీ ఒక వేలెత్తి చూపించాడు, అంతే. కదలలేదు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. పొలాల నుంచి వచ్చిన రైతులు ఇరవై మంది దాకా తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. ఎవరో దగ్గారు, ఎవరో ఊరుకోమన్నారు. నేను గడియారం చూసుకున్నాను, మళ్ళీ చూసుకున్నాను. రెండు అని ఒకసారి చెప్పిన మీటరును పది నిమిషాలు చూస్తే మూడు అంటుందా? ఆయన మీటరు వైపు చూడటమే తక్కువ, పెట్టెలోకి చూస్తూ కూర్చున్నాడు. పది నిమిషాలు నిండాయి. మీటరు మీద అదే రెండు.

కృష్ణమ్మ గడప మీద కూలబడింది.

షఫీ మీటరు ఆపి, మోటారు తీగలను ఒక కడ్డీతో నేలకు కలిపాడు. "ఇంగ నలభై నిమిషాలు ముట్టుకోకూడదు" అన్నాడు. నాకు తిక్క రేగింది. అక్కడ వరి చచ్చిపోతుంటే ఈ కూర్చోవడం ఏమిటి, పోయిందో ఉందో ఒక్క మాట చెప్పి పుణ్యం కట్టుకోకూడదా అని గట్టిగానే అన్నాను.

"పది నిమిషాలు తాగిన కరెంటు కక్కడానికి నలభై నిమిషాలు పడుతుంది సార్. ఈలోపల చేయి పెడితే నన్నే కొడతాది" అని నవ్వాడు. స్టూలు తెచ్చి నా కుర్చీ పక్కన వేసుకున్నాడు. టిఫిను డబ్బా విప్పి నాకో రొట్టె ఇచ్చాడు. కోపంగా ఉన్నవాడికి రొట్టె ఇస్తే ఏం చేస్తాడు? తిన్నాను.

తింటూ, కొంచెం గుచ్చుదామనే అడిగాను. "పది నిమిషాల షఫీ అని అందరూ ఎగతాళి చేస్తుంటే నీకు కోపం రాదా?"

"రాదు సార్. నాకు అది తగిన పేరే" అన్నాడు. అని తన కథ చెప్పాడు.

వాళ్ళ నాన్న ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ పని పోయింది. షఫీని తీసుకెళ్ళి మౌలా సాహెబ్ చేతిలో పెట్టాడు. నంద్యాలలో ఆ రోజుల్లో మోటారు చుట్టడం అంటే మౌలా సాహెబే. ఆయన నేర్పింది ఒకటే ముఖ్యమైన పాఠం. మీటరు మొదటి నిమిషంలో చెప్పేది నమ్మకూడదు, పదో నిమిషంలో ఏం చెప్తుందో దానితో పోల్చి చూడాలి. చుట్టు మంచిదైతే నంబరు నిదానంగా పెరుగుతూ పోతుంది. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉన్నట్టు కదలకపోతే ఏదో రోగం ఉన్నట్టే.

"ఇరవై రెండేండ్లయింది సార్. బనగానపల్లెలో పుల్లయ్య సావుకారికి నాపరాళ్ళ ఫ్యాక్టరీ ఉండాది. వానలకు ఆపిన పెద్ద మోటారును చూసి రమ్మని ఉస్తాద్ నన్ను పంపినాడు. నేను ఆడ ఉండంగనే ఫ్యాక్టరీ ఆఫీసుకు ఫోను వచ్చె, అమీనాకు నొప్పులు వస్తాండాయి, బేగా రా అని. మూడు గంటల బస్సు పోతే ఇంగ ఆరింటికే. అప్పుడు చేత్తో తిప్పే మెగ్గరు. పది నిమిషాలు తిప్పల్లంటే భుజం ఊడిపోతాది. ఒక్క నిమిషం తిప్పినా. నంబరు బాగుండాది. బాగుండాదని చెప్పి బస్సెక్కినా."

"తర్వాత?"

"ఆ పొద్దే హీనా పుట్టె. తెల్లారి పొద్దున మోటారు కాలిపాయె. లోపల చెమ్మ ఉండాది సార్. కూచోని ఉంటే తెలిసేది."

పద్దెనిమిది రోజులు ఫ్యాక్టరీ మూతపడింది. రాళ్ళు కోసే డెబ్బై మంది ఇళ్ళలో కూర్చున్నారు. పుల్లయ్య కూలీలందరి ముందూ ఆ రీడింగు తీసింది ఎవడని కేకలు వేశాడట. షఫీ నోరు తెరిచేలోపే మౌలా సాహెబ్ ముందుకొచ్చి నేనే తీశానన్నాడు.

"నేను నోరు మూసుకున్యా సార్. ఇంట్లో ఒక్క దినం బిడ్డ. భయపడినా. ఆ తర్వాత పుల్లయ్య సావుకారి మా ఉస్తాద్‌ను పిలవడం మానేసినాడు. నన్ను పిలుస్తాండాడు. ఈ పొద్దుటికీ నన్నే. ఉస్తాద్ పేరు పోగొట్టింది నేను, ఆయప్ప పని తింటాండేదీ నేనే. హీనా పుట్టిన దినం వస్తే ఇంట్లో అందరూ నవ్వుతాంటారు. నాకు కాలిన వార్నిష్ వాసన వస్తాది."

ఆయన మాటలు విన్నాక నా గడియారం వైపు చూడబుద్ధి కాలేదు. ఈ మనిషి పోయిందని చెప్పినా, ఉందని చెప్పినా, ఊరికే చెప్పడని మాత్రం అర్థమైంది. అర్థమైనందుకు భయం ఇంకా పెరిగింది. ఈయన కూడా పోయిందంటే ఇంక అడగడానికి ఎవరూ లేరు.

నలభై నిమిషాలయ్యాయి. షఫీ లేచి పెట్టె దగ్గరకు పోయి, లోపలికి ఇంకోసారి చూసి, అందరి వైపూ తిరిగాడు.

"ఈ మూత ఈ నడుమ ఎవరు తీసినారు?"

ఎజ్రా ముఖం పాలిపోయింది. ఇంజనీరు లేనప్పుడు ఆపరేటరు ఆ మూత తీయకూడదు. తీసినట్టు తెలిస్తే ఉద్యోగం ఉండదు.

జరిగింది ఇదీ. దసరా రోజు పూజకు పోయినప్పుడు ఎజ్రా కరెంటు తాళం వేసి మమ్మల్ని లోపలికి రానిచ్చాడు. మామూలుగా అయితే మోటారు పైన పసుపు రాసి, కుంకుమ పెట్టి వచ్చేస్తాం. ఈసారి కృష్ణమ్మకు ఒక ఆలోచన వచ్చింది. పైరేకుకు పసుపు పూస్తే మోటారుకు ఏం ముడుతుంది, మనిషికి బొట్టు తలపాగా మీద పెడతామా అంది. ఎజ్రా వద్దని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనడానికి అవతల ఉన్నది కృష్ణమ్మ. మూత తీశాడు. ఆమె మూడు గుబ్బలకూ తడి పసుపు నిండుగా పూసి, కుంకుమ పెట్టింది. ఆ పైన టెంకాయ కొట్టి ఆ నీళ్ళు ఎవరో లోపల చల్లారు.

ఆ ఎవరో నేనే. కానీ షఫీ అడిగినప్పుడు నా నోట్లోంచి మాట రాలేదు. ఇప్పుడు రాస్తుంటే తేలికగానే ఉంది గానీ, అప్పుడు ఆరు వందల ఎకరాల రైతులు నా చుట్టూ ఉన్నారు.

కృష్ణమ్మ గడప మీద నుంచి లేచింది.

"నేనే తీపిచ్చినానప్పా. ఎజ్రా వద్దనె. నేనే తియ్యమని జులుం చేసినా. పసుపు పూసింది ఈ చేయే. ఏమన్నా అంటే నన్ను అను, వాన్ని అనొద్దు."

షఫీ ఆమె వైపు కాసేపు అలాగే చూశాడు. కోపం కాదు అది. తర్వాత మెల్లగా, "మంచిది అవ్వా. ఇంగ ఒక్కటి చూద్దాం" అన్నాడు.

సంచిలోంచి చొక్కా గుండీకి కుట్టే దారం అంత సన్నటి రాగి తీగ తీశాడు. మూడు గుబ్బలకూ నడుముకు చుట్టినట్టు చుట్టి, మీటరుకున్న మూడో తీగకు కలిపాడు. కలుపుతూ మాకు అర్థమయ్యేలా చెప్పాడు. చుట్టు చిరిగితే కరెంటు లోపల నుంచి కారుతుంది. మురికి ఉంటే గుబ్బ పైనుంచి పాకి కారుతుంది. మీటరుకు రెండూ ఒకటే, రెండు అనే చెప్తుంది. గార్డు అనే ఈ మూడో తీగ పైన పాకే కరెంటును పక్కకు లాగేస్తుంది, అది లెక్కలోకి రాదు. లోపల కారేదే మిగులుతుంది.

"ఇప్పుడు కూడా రెండే వస్తే, ఈ ఇంజనీరు సార్ చెప్పిందే నిజం" అన్నాడు.

మళ్ళీ స్టూలు. మళ్ళీ బటన్. ఆ నిమిషం సంగతి నేను రాయలేను. నా చెయ్యి పక్కనున్న మనిషి భుజం మీద ఉంది, ఆ మనిషి ఎవరో కూడా చూడలేదు.

నిమిషానికి మూడు వందల పది.

"అబ్బ!" అన్నాడు జయప్రకాష్. రైతులకు ఆ నంబరు అర్థం కాలేదు గానీ ఆ అబ్బ అర్థమైంది. గోల మొదలైంది. షఫీ మళ్ళీ వేలెత్తాడు. గోల ఆగిపోయింది. ఈసారి ఎవరూ విసుక్కోలేదు, నేను కూడా. నాలుగు వందలు. అయిదు వందల యాభై. ఏడు వందలు. కృష్ణమ్మ ఒక్కో నంబరూ పైకి చదవమని ఎజ్రాను పొడుస్తూనే ఉంది. పదో నిమిషానికి తొమ్మిది వందల నలభై.

షఫీ పెన్సిలు తీసి రెండు నంబర్లూ రాసుకుని, అప్పుడు చెప్పాడు. "వైండింగు నిక్షేపంగా ఉండాది. హైదరాబాదు లేదు, ఏం లేదు. గుబ్బలు కడుగుదాం."

కృష్ణమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే ఎజ్రాను వీపు మీద ఒక్కటి చరిచింది. అది ఎందుకో ఆమెకే తెలియాలి.

జయప్రకాష్ మాత్రం పెట్టెలోకి చూస్తూ నిలబడిపోయాడు. "నేను నిన్ననే చూశానండీ ఈ పసుపు. చూసి కూడా..."

"నేనూ పొద్దున రాంగనే చూసినా సార్" అన్నాడు షఫీ. "చూసి ఊరుకున్యా. మన పక్క పసుపు లేని మిషన్ యాడ ఉంది? లారీకి ఉండాది, తక్కెడకు ఉండాది. బొట్టు లేకపోతే ఏందప్పా ఇది అనుకుంటాం గానీ, ఉంటే ఎవరు చూస్తారు? ఆరో నిమిషమో ఏడో నిమిషమో, ఊరికే దాన్నే చూస్తా ఉంటే, గుబ్బ మీద ఒక టెంకాయ పీచు కనపడె. ఈ పీచు ఈడికి ఎట్ల వచ్చింది అనుకున్యా."

ఆ పీచు కూడా నా టెంకాయదే.

తర్వాతదంతా పని. మళ్ళీ నలభై నిమిషాలు ఆగి, గుబ్బలను మురికి వదిలించే మందుతో తుడిచి, పెద్ద బల్బులు రెండు దగ్గరగా పెట్టి రెండు గంటలు ఆరబెట్టారు. రాగి తీగ లేకుండా మళ్ళీ పరీక్ష చేస్తే నిమిషానికి రెండు వందల తొంభై, పది నిమిషాలకు ఎనిమిది వందల యాభై. మళ్ళీ నలభై నిమిషాలు. కేబులు బిగించి, మూత వేసి, షఫీ జేబులోంచి తాళంచెవి తీసి ఎజ్రా చేతిలో పెట్టేసరికి మూడున్నర. ఎజ్రా కళ్ళు మూసుకుని పెదవులు కదిపి, స్విచ్చి వేసి, బేరింగుకు చెవి ఆనించాడు. మోటారు ఒకసారి మూలిగి అందుకుంది. బయట గొట్టం దగ్గర గాలి బుసకొట్టింది, ఎర్రటి నీళ్ళు పడ్డాయి, తర్వాత తెల్లటి నీళ్ళు పడ్డాయి. జనం కాలువ గట్టు వెంట నీళ్ళతో పాటు పరుగెత్తారు.

జయప్రకాష్ రిజిస్టరు తీసి కారణం ఏమని రాయాలా అని ఆలోచిస్తుంటే కృష్ణమ్మ, "నా పేరే రాయి నాయనా. కృష్ణమ్మ పసుపు పూసింది అని రాయి" అంది. ఆ అబ్బాయి గుబ్బల మీద మురికి చేరిందని రాశాడు, పూజలప్పుడు మూత తీయించకూడదని కమిటీ ప్రెసిడెంటు ఒప్పుకున్నారని కింద ఆమె సంతకం తీసుకున్నాడు. ఎజ్రా పేరు రాయలేదు. ఆమె వెంటనే ఇంకో టెంకాయ తెప్పించింది. షఫీ చేతులు జోడించాడు.

"కొట్టు అవ్వా. కానీ ఆడ, నీళ్ళు పడే కాడ."

తిరిగి వచ్చేటప్పుడు ఆళ్ళగడ్డ దాటేదాకా మనసులోనే పెట్టుకున్నాను. ఆ తర్వాత నేను ఉండలేక చెప్పేశాను, టెంకాయ నీళ్ళు చల్లింది నేనేనని.

"తెలుసు సార్" అన్నాడు.

"ఎట్లా తెలుసు?"

"మూత ఎవరు తీసినారని అడిగితే అందరూ నన్ను చూస్తాండారు. మీరొక్కరే పైకప్పు చూస్తాండారు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయవ్వ ఒక్క క్షణంలో చెప్పేసింది సార్. నాకు ఇరవై రెండేండ్లు చాలలే" అన్నాడు. నంద్యాల వచ్చాక ఇంటికి కాకుండా మౌలా సాహెబ్ ఉండే సందులోకి తిప్పమన్నాడు.

మౌలా సాహెబ్‌కు ఎనభై దాటాయి. ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఎండిన కాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. వాళ్ళిద్దరూ మామూలుగా ఉర్దూలోనే మాట్లాడుకుంటారు, నేను పక్కనున్నానని తెలుగులోకి దిగారు. ముసలాయన కుశలం అడగలేదు, రీడింగు అడిగాడు.

"గార్డు పెట్టి మూడొందల పది, తొమ్మిదొందల నలభై, ఉస్తాద్."

"మూడింతలు. మంచి మోటారు" అని తల ఊపాడు.

షఫీ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "ఉస్తాద్, రేపు బనగానపల్లె పోతాండా. పుల్లయ్య సావుకారికి నిజం చెప్పేస్తా. ఆ దినం రీడింగు తీసింది నేనని."

ముసలాయన నూనె రాయడం ఆపి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగితే నేను లేచి నీళ్ళు అందించాను.

"అరె బేటా, ఆయప్పకు తెల్దా? ఆ సాయంత్రమే నేను చెప్పినా. కూలోళ్ళు డెబ్బై మంది ముందర నీ పేరు వస్తే నిన్ను మళ్ళా ఆ పక్క తిరగనిస్తారా? అందుకని వాళ్ళ ముందర నాది అన్యా. వాళ్ళు పోయినాక, ఆఫీసులో కూచోని, ఉన్నది ఉన్నట్లు చెప్పినా. నొప్పులు వస్తాండాయని ఫోను వచ్చింది కూడా చెప్పినా."

షఫీ మంచం దగ్గరకు ఇంకాస్త జరిగాడు. "ఏమన్యాడు?"

"అంతా విన్యాడు. తర్వాత, ఆడపిల్లనా మగపిల్లోడా అని అడిగె. ఆడపిల్ల అన్యా. 'సరే, ఇంగ నా మోటార్లకు వాన్నే పంపు సాహెబూ. వాడు ఇంగ బతికినన్ని దినాలు పది నిమిషాలు కూచుంటాడు' అన్యాడు. నీకు ఆ పేరు పెట్టింది ఎవరనుకున్యావ్? ఆయప్పే."

"మరి నాకెందుకు చెప్పలే ఉస్తాద్? ఇరవై రెండేండ్లు..."

"చెప్తే కూచోవడం మానేస్తావేమోనని" అన్నాడు మౌలా సాహెబ్, మళ్ళీ నూనె గిన్నె అందుకుంటూ.

షఫీ ముఖం ఆ ముసలి మోకాళ్ళ మీద పెట్టి ఏడ్చాడు. గట్టిగానే ఏడ్చాడు, సిగ్గుపడలేదు. ముసలాయన నూనె చెయ్యి ఇస్త్రీ చొక్కా వీపు మీద వేసి ఊరుకోమన్నాడు. కాసేపటికి షఫీ తల పైకెత్తి, ముక్కు తుడుచుకుని, నూనె గిన్నె తను తీసుకుని ఉస్తాద్ కాళ్ళకు రాయడం మొదలుపెట్టాడు. ఇంటికి ఫోన్ చేయాలా, మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది అన్నాను. చేయండి సార్ అన్నాడు.

అమీనా ఫోన్ ఎత్తి, మోటారు ఏమైందని అడిగింది. బాగుందమ్మా, అంతా బాగుంది, కాస్త ఆలస్యంగా వస్తాడని చెప్పాను. తర్వాత కారులోంచి ఆయన మడత స్టూలు తెచ్చి విప్పి, సందు చివర వేసుకుని కూర్చున్నాను. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. నేను పిలవలేదు.